రొమ్ములో గడ్డకు సూది పరీక్ష: కత్తి పెట్టకముందే చేయించుకోవలసిన పని

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన తరువాత మన దగ్గర సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. నొప్పి లేదు కదా అని నెలల తరబడి ఊరుకుంటారు. లేదా దగ్గరలోని నర్సింగ్ హోముకు వెళ్లి, "ముందు తీసేద్దాం, తీసిన తరువాత పరీక్షకు పంపుదాం" అన్న మాటకు సరేనని ఆ వారంలోనే ఆపరేషన్ చేయించేసుకుంటారు. ఆలస్యం వల్ల కలిగే నష్టం గురించి అందరూ చెబుతూనే ఉన్నారు కనుక నేను రెండవ దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను. గడ్డ ఏమిటో తేలకముందే కోసి తీసేస్తే, అది క్యాన్సర్ అని ఆ తరువాత బయటపడినప్పుడు చుట్టూ ఉన్న కణజాలాన్ని తగినంత తీయలేదని రెండవసారి ఆపరేషన్ చేయవలసి వస్తుంది. ముందుగా కీమోథెరపీ ఇచ్చి, గడ్డను కుదించి, రొమ్మును నిలుపుకునే అవకాశం కొందరికి చేజారిపోతుంది. ఆలోచన లేకుండా పెట్టిన గాటు తరువాతి శస్త్రచికిత్సకు అడ్డం వస్తుంది. అది మామూలు గడ్డే అయితే అక్కరలేని కోత, మచ్చ, ఖర్చు మిగులుతాయి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి సూదితో చిన్న ముక్క తీసే పరీక్ష అరగంటలోపు ముగిసిపోతుంది, ఆసుపత్రిలో చేరనక్కరలేదు, చాలావరకు ఈ చిక్కులన్నింటినీ తప్పిస్తుంది.

భయంతో చదువుతున్నవారికి ముందే ఒక మాట చెప్పాలి. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. చిన్న వయసులో వేళ్ల కింద జారిపోతున్నట్టు కదిలే గడ్డ చాలాసార్లు ఫైబ్రోఅడినోమా అనే, క్యాన్సర్ కాని గడ్డ అవుతుంది. ముప్పై అయిదు నుంచి యాభై ఏళ్ల మధ్య నీటితిత్తులు తరచుగా కనిపిస్తాయి. పాలిచ్చే తల్లుల్లో పాలు గడ్డకట్టడమో చీము పట్టడమో జరుగుతుంది. అయితే ఏ గడ్డ ఏదో చేతితో తడిమి చెప్పగలిగినవారు ఎవరూ లేరు, ఎంత అనుభవం ఉన్న సర్జన్ అయినా సరే. మగవారిలోనూ అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది కాబట్టి ఇక్కడ చెప్పేవి వారికీ వర్తిస్తాయి.

ముందు స్కానింగ్, తరువాతే సూది

రొమ్ము గడ్డను తేల్చడానికి వైద్యులు మూడు పరీక్షలను కలిపి చూస్తారు. డాక్టరు చేతితో చూడడం మొదటిది, అల్ట్రాసౌండ్ స్కానింగ్ లేదా మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) రెండవది, సూది పరీక్ష మూడవది. ఈ వరుస తప్పకూడదు. సూది గుచ్చిన చోట లోపల కొద్దిగా రక్తం చేరుతుంది; ఆ తరువాత స్కానింగ్ తీస్తే ఆ రక్తపు గూడు గడ్డ అంచులను కప్పేసి, లేని అనుమానాలను పుట్టిస్తుంది. కనుక మొదటి రోజే "ఇక్కడే సూదితో చూసేద్దాం" అని ఎవరైనా అంటే, స్కానింగ్ అయ్యాక చేయించుకుంటానని మర్యాదగా చెప్పండి. చిన్న వయసువారిలో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కనుక వారికి అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు, నలభై దాటినవారికి మామోగ్రామ్ కూడా తీస్తారు. మామోగ్రామ్ రోజున చంకల్లోనూ రొమ్ముల కిందా పౌడరు, డియోడరెంటు వాడకూడదు. వాటిలోని రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లాగా కనబడి తప్పుదోవ పట్టిస్తాయి.

స్కానింగ్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అంటే భయపడవలసినది లేదని. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని, సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్ తీస్తే సరిపోతుందని. 4 లేదా 5 వస్తే సూది పరీక్ష తప్పనిసరి. నాలుగవ తరగతిలోనే 4ఏ, 4బీ, 4సీ అనే మెట్లున్నాయి. 2 నుంచి 10 శాతం వరకు అవకాశం ఉన్నవి మొదటి మెట్టులో, 50 నుంచి 95 శాతం వరకు ఉన్నవి చివరి మెట్టులో వస్తాయి. అంటే 4 అన్న అంకె చూసి క్యాన్సర్ ఖాయమనుకోవడం ఎంత తప్పో, తేలికగా తీసుకోవడం కూడా అంతే తప్పు. 0 వచ్చిందంటే పరీక్ష అసంపూర్తిగా ఉందని, ఇంకో ఫిల్మో స్కానింగో కావాలని అర్థం చేసుకోవాలి.

సన్న సూదా, ముక్క తీసే సూదా?

సూది పరీక్ష అని మనం ఒకే పేరుతో పిలిచే వాటిలో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. మొదటిది ఎఫ్ఎన్ఏసీ. మామూలు ఇంజెక్షన్‌కు వాడేంత సన్నటి సూదిని గడ్డలోకి దించి, ముందుకూ వెనక్కీ కదిలిస్తూ కొన్ని కణాలను లాగి, గాజు స్లైడు మీద పూసి చూస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, తిమ్మిరి ఇంజెక్షన్ కూడా చాలాసార్లు అవసరం పడదు. నీటితిత్తిలోని నీరు తీయడానికి, చంకలో ఉబ్బిన గ్రంథిలోకి జబ్బు పాకిందేమో చూడడానికి, చీమును పరీక్షించడానికి ఇది చక్కటి పద్ధతి. రెండవది కోర్ బయాప్సీ, ఆసుపత్రుల్లో ఎక్కువగా ట్రూకట్ అంటారు. దీనిలో సాధారణంగా 14 గేజ్ అనే లావైన సూది వాడతారు, స్ప్రింగు ఉన్న పరికరంతో కణజాలపు ముక్కనే కోసి బయటకు తీస్తారు.

అనుమానం గట్టిగా ఉన్న గడ్డకు ఎఫ్ఎన్ఏసీతో ఆగిపోవడం నాకు సమ్మతం కాదు. విడివిడి కణాలను చూసి ఇది క్యాన్సర్ కణం అని చెప్పవచ్చు. కాని ఆ జబ్బు పాలగొట్టంలోపలే ఆగి ఉందా, గోడను దాటి చుట్టుపక్కలకు చొచ్చుకుపోయిందా అన్నది తెలియాలంటే కణజాలపు అమరిక చెదరకుండా కనబడాలి. చికిత్సను నిర్ణయించే ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాలు హార్మోన్లకు స్పందిస్తాయా అని చూసేవి), హెర్2 (ఆ కణాల మీది ఒక ప్రోటీన్‌ను చూసేది) పరీక్షలకు కూడా ముక్కే కావాలి. ముందు ఎఫ్ఎన్ఏసీ చేసి, అందులో తేలలేదని మళ్లీ ట్రూకట్ చేయించడంతో రెండు వారాలు పోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అందువల్ల బైరాడ్స్ 4 లేదా 5 వచ్చినప్పుడు "నేరుగా కోర్ బయాప్సీ చేయగలరా?" అని మీరే అడగండి. గడ్డ చేతికి తగలకుండా మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు (కాల్షియం మచ్చలు) మాత్రమే కనిపించే సందర్భంలో, మామోగ్రామ్ సహాయంతో గురి చూసి, వాక్యూమ్ పరికరంతో ఇంకా లావైన ముక్కలు తీసే పద్ధతి ఉంది. అది పెద్ద కేంద్రాల్లోనే దొరుకుతుంది. చర్మం కమలాపండు తొక్కలా మారి ఎర్రబడినా, చనుమొన చుట్టూ మానని పుండు ఉన్నా, గడ్డతో పాటు చర్మం నుంచి కూడా చిన్న ముక్క తీయవలసి రావచ్చు.

సూది గుచ్చితే పాకుతుందన్న భయం

"గడ్డను కెలికితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. ఈ మాట వల్ల పరీక్ష మానేసి, గడ్డ పుండై పగిలిన తరువాత ఆసుపత్రికి వచ్చే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు కనుక దీనికి సరైన జవాబు అందరికీ తెలిసి ఉండాలి. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు చెదిరిపడే మాట నిజమే, సూక్ష్మదర్శినిలో అవి కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. కాని తమ చోటు నుంచి విడిపోయిన ఆ కణాల్లో దాదాపు అన్నీ రోజులు గడిచేకొద్దీ నశించిపోతాయి. మిగిలిన కొద్దిపాటి ప్రమాదాన్ని కూడా తరువాత జరిగే ఆపరేషన్, రేడియేషన్, మందులు చూసుకుంటాయి. సూది పరీక్ష చేయించుకున్నందువల్ల రోగుల ఆయుష్షు తగ్గిందని ఇన్ని దశాబ్దాల వాడకంలో తేలలేదు. బయాప్సీ తరువాత జబ్బు ముదిరినట్టు కనిపించిన వారి సంగతి విచారిస్తే, చాలాసార్లు పరీక్షకు వెళ్లేసరికే ఆలస్యమై ఉంటుంది, లేదా రిపోర్టు వచ్చిన తరువాత భయపడి చికిత్స మానేసి ఉంటారు. నింద మాత్రం సూది మీద పడుతుంది.

వెళ్లే ముందు

మీరు వాడే మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి. గుండె స్టెంటుకు వాడే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, కవాటం మార్చినవారు వాడే వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందుల గురించి తప్పకుండా చెప్పాలి. వాటిని మీ అంతట మీరు ఆపకూడదు, ఎందుకంటే స్టెంటులో రక్తం గడ్డకట్టడం రొమ్ము మీద కమిలిన మచ్చకంటే ఎన్నో రెట్లు ప్రమాదం. ఆపాలా, కొనసాగించాలా, ముందుగా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే) పరీక్ష చేయాలా అన్నది గుండె డాక్టరుతో మాట్లాడి వారే చెబుతారు. పన్ను తీయించుకున్నప్పుడు ఇచ్చిన తిమ్మిరి ఇంజెక్షన్ పడలేదని మీకు గుర్తుంటే అదీ చెప్పండి. గర్భంతో ఉన్నా పాలిస్తున్నా ఈ పరీక్ష చేయవచ్చు. పాలిచ్చే తల్లులు వెళ్లే ముందు ఆ రొమ్ములోని పాలు బిడ్డకు పట్టించో పిండేసో వెళితే పని సులువవుతుంది, సూది దారిగుండా పాలు కారే ఇబ్బంది కూడా తగ్గుతుంది.

మత్తు ఇచ్చి పడుకోబెట్టే పరీక్ష కాదు కనుక పస్తు ఉండనక్కరలేదు. టిఫిన్ తిని, షుగరు బిళ్లలు, బీపీ బిళ్లలు ఎప్పటిలాగే వేసుకుని వెళ్లండి. ఖాళీ కడుపుతో, భయంతో వెళ్లినవారికే కళ్లు తిరుగుతాయి. ముందు హుక్కులున్న జాకెట్టు వేసుకుంటే తీయడం, వేయడం సులభం. పాత స్కానింగులు, మామోగ్రామ్ ఫిల్ములు అన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి. గదిలో స్త్రీ సిబ్బంది ఒకరు తోడుండాలని అడగడం మీ హక్కు, మొహమాటపడవద్దు. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమని అడిగి, ఏ వైపు రొమ్ము అని రాశారో మీ కళ్లతో చూసి సంతకం పెట్టండి.

బల్ల మీద ఏం జరుగుతుంది

వెల్లకిలా పడుకోబెట్టి, ఆ వైపు చేతిని తల మీదికి మడిచి ఉంచమంటారు. భుజం కింద చిన్న దిండు పెడతారు. చల్లటి మందుతో చర్మం తుడిచి, స్కానింగ్ యంత్రపు ముట్టెను గడ్డ మీద ఆనించి తెర మీద చోటు చూసుకుంటారు. గడ్డ చేతికి స్పష్టంగా తగులుతున్నా స్కానింగ్ చూస్తూనే తీయడం మంచిది, ఎందుకంటే సూది మొన గడ్డ లోపలికి దిగిందని కంటికి కనబడితేనే ఫలితాన్ని పూర్తిగా నమ్మవచ్చు. తరువాత లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇస్తారు. మొత్తం పరీక్షలో నొప్పి అన్నది ఇక్కడే ఉంటుంది: కొన్ని సెకన్లపాటు చురుక్కుమని మండి, ఆ తరువాత తిమ్మిరెక్కుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి సూదిని ఛాతీ గోడకు సమాంతరంగా పోనిస్తారు. ఊపిరితిత్తి వైపు మొన తిరగకుండా ఉండడానికే ఆ జాగ్రత్త. పరికరం నొక్కినప్పుడు టక్కుమని గట్టి శబ్దం వస్తుంది. ఉలిక్కిపడి కదిలితే గురి తప్పుతుంది కనుక ఆ శబ్దాన్ని ముందే ఒకసారి వినిపించమని అడగండి. చాలామంది డాక్టర్లు అడగకుండానే గాలిలో నొక్కి వినిపిస్తారు. ఒత్తినట్టు తెలుస్తుంది కాని నొప్పి ఉండకూడదు, ఉంటే వెంటనే చెప్పండి, ఇంకొంచెం మందు ఇస్తారు.

బయటకు వచ్చే ముక్క సేమియా పుల్లంత సన్నగా, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. గట్టి గడ్డలోంచి వచ్చినది తెల్లగా ఉండి ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా కాపాడే ద్రావణం) సీసాలో అడుగుకు చేరుతుంది. పసుపుపచ్చగా పైకి తేలుతున్నది కొవ్వు కావచ్చు కనుక అనుభవం ఉన్నవారు ఇంకో ముక్క తీస్తారు. సాధారణంగా నాలుగైదు ముక్కలు కావాలి. అన్నిసార్లు గుచ్చుతున్నారేమిటని కంగారు పడకండి, ఒకే గాటులోంచి తీస్తారు. ముందు కీమోథెరపీ ఇచ్చే అవకాశం ఉన్నవారికి గడ్డలో చిన్న లోహపు క్లిప్పు కూడా ఉంచుతారు. మందులకు గడ్డ పూర్తిగా కరిగిపోతే తరువాత సర్జన్‌కు ఆ చోటు చూపించేది అదొక్కటే.

సీసా మీ చేతికి ఇస్తే

మన ఆసుపత్రులలో చాలాచోట్ల ముక్కలున్న సీసాను రోగి బంధువు చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటారు. పరీక్ష ఎంత నేర్పుగా చేసినా ఇక్కడ పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి ఈ కొద్ది నిమిషాలు శ్రద్ధ పెట్టాలి. సీసా మీద పేరు, వయసు, ఓపీ నంబరు, కుడి రొమ్మా ఎడమ రొమ్మా అన్నది, ముక్కలు తీసిన తేదీ, సమయం రాసి ఉన్నాయా చూడండి. మూత మీద కాకుండా సీసా ఒంటి మీద రాయించండి, ఎందుకంటే ల్యాబ్‌లో మూతలు మారిపోవచ్చు. లోపల ఉన్నది పది శాతం ఫార్మలిన్ అని అడిగి నిర్ధారించుకోండి. మామూలు నీళ్లలోనో సెలైన్‌లోనో వేసిన ముక్క కుళ్లిపోవడం మొదలవుతుంది, హార్మోను పరీక్షల ఫలితం తారుమారవుతుంది. ముక్క తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో పడాలి, ఆ ద్రావణంలో కనీసం 6 గంటలు ఉండాలి, 72 గంటలు దాటకూడదు. కనుక శనివారం సాయంత్రం తీయించుకుని సీసాను సోమవారం దాకా ఇంట్లో ఉంచడం మంచిది కాదు. అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి, రసీదు తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

ఒక్క సందర్భంలో మాత్రం ఫార్మలిన్ వేయని ముక్క కూడా కావాలి. గడ్డతో పాటు చీము, పదేపదే తెరుచుకునే పుండ్లు ఉన్నప్పుడు అది క్షయ కావచ్చు, లేదా గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే వాపు కావచ్చు. ఈ రెండూ చూడడానికి అచ్చం క్యాన్సర్‌ను పోలి ఉండగలవు. క్షయ క్రిమి కోసం కల్చర్ లేదా జీన్ఎక్స్‌పర్ట్ చేయాలంటే వేరే సీసాలో సెలైన్‌లో వేసిన ముక్క పంపాలి. పరీక్షకు ముందే ఈ విషయం డాక్టరును అడిగితే రెండవసారి గుచ్చవలసిన పని ఉండదు.

ఇంటికి వచ్చాక

సూది తీసిన చోట పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టి పట్టీ వేస్తారు, కుట్లు అవసరం లేదు. ఆ రోజు, ఆ రాత్రి కూడా, బిగుతైన లోదుస్తు ఉంచుకుంటే లోపల రక్తం చేరదు. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పది నిమిషాల చొప్పున పెట్టవచ్చు. నొప్పికి పారాసిటమాల్ చాలు. బ్రూఫెన్ వంటివి అడగకుండా వేసుకోవద్దు. ఒకటి రెండు రోజులు నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు వంటి బరువులు ఎత్తవద్దు. పసుపు, సున్నం, ఆకు పసరు ఏదీ గాటు మీద పూయకండి. రొమ్ము నీలంగా, ఆ తరువాత పచ్చగా కమిలి రెండు వారాల్లో మామూలవుతుంది. వాపు గంటగంటకూ పెరుగుతున్నా, రక్తం ఆగకపోయినా, జ్వరమో చీమో వచ్చినా, ఆయాసం అనిపించినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

రిపోర్టు వచ్చినప్పుడు

ముక్క పరీక్ష రిపోర్టుకు దాదాపు వారం పడుతుంది, హార్మోను పరీక్షలకు మరికొన్ని రోజులు. దాన్ని తెచ్చుకోవడానికి వీలైతే ఎవరి గడ్డో వారే వెళ్లాలి. భర్తకో కొడుక్కో చెప్పి, ఆమెకు మాత్రం "ఏమీ లేదు" అని దాచే అలవాటు వల్ల తన చికిత్స మీద ఆమె నోరు తెరిచి అడగగలిగినది ఏమీ లేకుండా పోతుంది.

కొన్ని ల్యాబులు బి1 నుంచి బి5 వరకు అంకె ఇస్తాయి. బి1 అంటే మామూలు కణజాలమే వచ్చిందని. చేతికి స్పష్టంగా తగిలే గడ్డకు ఇలా వస్తే సూది గడ్డలో పడలేదేమో అని అనుమానించాలి. బి2 క్యాన్సర్ కానిది. బి3లో పాపిలోమా (పాలగొట్టంలోపల మొలిచే గడ్డ), ఫిలాయిడ్స్ (ఫైబ్రోఅడినోమాలా కనిపిస్తూ త్వరగా పెరిగే గడ్డ) వంటి, పూర్తిగా తీసి చూస్తే కాని తేలనివి వస్తాయి. బి4 బలమైన అనుమానం, బి5 క్యాన్సర్. ఎఫ్ఎన్ఏసీకి కూడా ఇలాంటి అయిదు తరగతులే ఉన్నాయి.

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది, దాన్ని తప్పక అడగండి: "స్కానింగ్‌లో కనిపించిన దానికీ ఈ రిపోర్టుకూ పొంతన కుదిరిందా?" స్కానింగ్‌లో బైరాడ్స్ 5 ఉండి ముక్కలో ఏమీ లేదని వస్తే సంతోషించి ఇంటికి వెళ్లకూడదు, అది క్యాన్సర్ లేదన్న రుజువు కాదు, మళ్లీ ముక్క తీయాలన్న సూచన. పొంతన కుదిరి, ఫైబ్రోఅడినోమా అని తేలితే ఆపరేషన్ లేకుండానే డాక్టరు చెప్పిన గడువుకు స్కానింగ్ చేయించుకుంటూ ఉండవచ్చు. త్వరగా పెరుగుతుంటే మాత్రం తీయించాలి, ఎందుకంటే ఫైబ్రోఅడినోమాకూ ఫిలాయిడ్స్‌కూ తేడా సూది ముక్కలో ఒక్కోసారి అందదు.

క్యాన్సర్ అని తేలితే రిపోర్టులో రకం, గ్రేడు (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే అంకె) ఉంటాయి, ఆపైన ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు రావాలి. ఈఆర్ 1 శాతం లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్‌గా లెక్కిస్తారు, హార్మోను మాత్రల ఆలోచన అక్కడ మొదలవుతుంది. హెర్2 దగ్గర 3 ప్లస్ అంటే పాజిటివ్. 2 ప్లస్ అంటే ఇంకా తేలలేదని, ఫిష్ అనే మరో పరీక్ష కావాలని అర్థం. ఇవి లేకుండా ఎవరినీ తొందరపడి ఆపరేషన్ తేదీ ఇవ్వనీయకండి.

ఖర్చు భరించలేనివారు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి, లేదా జిల్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. రాష్ట్ర ఆరోగ్య పథకం కింద ఏ పరీక్ష వస్తుంది, ఏది రాదు అన్నది ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి.

వేరే ఆసుపత్రికి మారదలచుకుంటే కాగితపు రిపోర్టు ఒక్కటే తీసుకువెళ్లడం చాలదు. ల్యాబ్‌లో మీ ముక్కలను మైనంలో పోతపోసి దాచిన పారఫిన్ బ్లాకులు, వాటి నుంచి కోసిన స్లైడ్లు ఉంటాయి. దరఖాస్తు రాసి అడిగితే ఇస్తారు. అవి చేతిలో ఉంటే కొత్త చోట మళ్లీ సూది గుచ్చకుండానే రెండవ పాథాలజిస్టు చూసి అభిప్రాయం చెప్పగలరు. బ్లాకులు ఎండలో నిలిపిన కారులో పెడితే కరుగుతాయి, స్లైడ్లు జేబులో పెడితే పగులుతాయి, కనుక గట్టి డబ్బాలో పెట్టి చేతిసంచిలో తీసుకెళ్లండి. క్లిప్పు పెట్టి ఉంటే ఆ సంగతి, ఏ రోజున, ఏ వైపున, గడియారపు ముల్లు లెక్కన ఎన్ని గంటల స్థానంలో పెట్టారో ఫైలు మొదటి కాగితం మీద రాయించుకోండి.